‘ఇష్టం లేదు’ అన్న మాట వెనుక: మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న స్త్రీల దాంపత్య ఇబ్బందులు

తెలుగు ఊళ్లలో బస్టాండు గోడ మీదో, రైలు పట్టాల పక్క ప్రహరీ మీదో ‘నరాల బలహీనత’ అని కనిపిస్తే అది దేని గురించో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. మగవాడి పడకగది బెంగకు మనం పెట్టుకున్న మర్యాద పేరది. ఆ ప్రకటనలు ఏకరువు పెట్టే సమస్యల్లో చాలావాటికి నరాలతో సంబంధమే ఉండదు. నిజంగా నరాలే దెబ్బతిని, ఆ దెబ్బ దాంపత్యం దాకా పాకే జబ్బు ఒకటుంది. అది మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. దాని గురించి మాత్రం ఏ గోడ మీదా ఒక్క అక్షరం ఉండదు.

ఆ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, క్లుప్తంగా ఎంఎస్. ఎక్కువమందిలో 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటే పెళ్లి, కాపురం, కాన్పులు అన్నీ ఉండే వయసులోనే. నడక తడబడుతోందనీ, కన్ను మసకబారిందనీ వైద్యుడికి చెప్పుకున్నంత సులువుగా పడకగది సంగతి ఎవరూ చెప్పుకోరు. చెప్పినా చాలాసార్లు రెండే మాటలు వస్తాయి: ‘ఇష్టం లేదు’. జ్వరం వచ్చిందన్నంత మాత్రాన అది మలేరియానో టైఫాయిడో తెలియదు కదా. ఈ మాటా అలాంటిదే. దాని కింద నాలుగైదు వేర్వేరు ఇబ్బందులు ఉండవచ్చు. ఒకదానికి పనికొచ్చే చికిత్స మరొకదానికి పనికిరాదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

ఎంఎస్‌లో జరిగేది

మెదడు, వెన్నుపాము, కంటినరం – ఈ మూడు చోట్లా నరాల తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతం వేగంగా, చెదరకుండా పోవడానికి అదే ఆధారం. ఎంఎస్‌లో శరీరపు రక్షణ వ్యవస్థ ఈ పొర మీదే దాడి చేస్తుంది. దాడి జరిగిన చోట మచ్చలు పడతాయి. 1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో ఈ మచ్చలను, రోగుల లక్షణాలను కలిపి ఒకే జబ్బుగా వర్ణించాడు. ‘స్క్లెరోసిస్’ అంటే గట్టిపడటం, మచ్చకట్టడం. ‘మల్టిపుల్’ అంటే అది ఒక్కచోట కాదని.

సుమారు 85 శాతం మందిలో జబ్బు మొదట విడతలు విడతలుగా వస్తుంది. కొన్ని రోజులో వారాలో లక్షణాలు ముదిరి, తర్వాత పూర్తిగానో కొంతవరకో తగ్గుతాయి. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బుతో ఉన్నవారు 28 లక్షలని 2020 నాటి అంచనా. మన దేశంలో ఇది అరుదన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. ఎంఆర్ఐ యంత్రాలు జిల్లా కేంద్రాలకు చేరేకొద్దీ ఆ అభిప్రాయం సడలుతూ వస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి.

మచ్చ ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒకే వయసు, ఒకే మందు, ఒకే డాక్టరు ఉన్న ఇద్దరు స్త్రీల దాంపత్య ఇబ్బందులు ఒకదానితో ఒకటి పోలకపోవడానికి ముఖ్య కారణం అదే.

స్పర్శ నుంచి స్పందన దాకా

స్త్రీ శరీరంలో లైంగిక స్పందనకు రెండు దారులున్నాయి. ఒకటి మెదడులో మొదలయ్యేది. ఒక జ్ఞాపకం, ఒక గొంతు, ఒక ఊహ – అక్కడి నుంచి సంకేతం వెన్నుపాము వెంట దిగి, నడుముకు కాస్త పైనుంచి వెలువడే నరాల ద్వారా కటి భాగానికి చేరుతుంది. రక్త ప్రసరణ పెరిగి, యోనిలో తడి ఊరుతుంది. రెండోది నేరుగా తాకినప్పుడు మొదలయ్యేది. జననాంగాల స్పర్శ వెన్నుపాము అడుగున, త్రికాస్థి (నడుము దిగువ ఎముక) స్థాయిలో ఉన్న నరాల కేంద్రానికి చేరుతుంది. మెదడు అనుమతి కోసం ఆగకుండా అక్కడి నుంచే తిరుగు సంకేతం వస్తుంది. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు దానంతటదే ఎగిరినట్టు.

ఈ రెండు దారుల సంగతి ఎక్కువగా తెలిసింది ప్రమాదాల్లో వెన్నుపాము తెగిన స్త్రీల మీద జరిగిన పరిశోధనల వల్ల. అమెరికాలో మార్కా సిప్‌స్కీ బృందం చూపినదాని ప్రకారం, నడుము పై భాగపు నరాల పరిధిలో చర్మానికి స్పర్శ మిగిలి ఉన్నవారిలో ఊహల వల్ల కలిగే స్పందన కూడా మిగిలే అవకాశం ఎక్కువ. అడుగున ఉన్న త్రికాస్థి కేంద్రం పూర్తిగా దెబ్బతిన్నవారిలో భావప్రాప్తి కష్టమవుతుంది. ప్రమాదంలో తెగిన వెన్నుపాముకు ‘ఇక్కడ’ అని ఒక గీత గీయవచ్చు. ఎంఎస్‌లో అలా గీత గీయడం కుదరదు. మచ్చలు చెదురుమదురుగా ఉంటాయి, సగం సగం దెబ్బతీస్తాయి. అందుకే ఒకామెకు ఊహలో ఉత్సాహం ఉండి శరీరం కదలదు. మరొకామెకు శరీరం స్పందిస్తున్నా ఆ కబురు మెదడుకు అందదు.

త్రికాస్థి కేంద్రం మూత్రాశయాన్ని, మలద్వారపు కండరాలను కూడా నడిపిస్తుంది. మూత్రం ఆపుకోలేకపోవడం, మలబద్ధకం, లైంగిక ఇబ్బంది – మూడూ ఒకరిలోనే గుంపుగా కనిపించడం అందుకే. ఎంఎస్ ఉన్న స్త్రీ ‘మూత్రం వస్తే ఆగడం లేదు డాక్టరుగారూ’ అన్నప్పుడు అనుభవమున్న నరాల వైద్యుడికి అడగాల్సిన రెండో ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

స్పర్శ తగ్గడం ఒక తీరు అయితే, స్పర్శ వికటించడం మరో తీరు. తిమ్మిరి, మొద్దుబారడం అందరికీ తెలిసినవే. కొందరికి మెత్తటి చీర కొంగు తగిలినా మంటగా, సూదులు గుచ్చినట్టుగా ఉంటుంది. అలాంటి చర్మం మీద భర్త ప్రేమగా చేయి వేసినా ఆమె ఉలిక్కిపడి పక్కకు జరుగుతుంది. ఆ జరగడాన్ని అతను ఎలా అర్థం చేసుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

మూడు పొరలు

1992లో ఫోలే, ఐవర్సన్ అనే పరిశోధకులు ఈ చిక్కును మూడు పొరలుగా విడదీశారు. ఇప్పటికీ ఎక్కువమంది ఆ పద్ధతినే వాడుతున్నారు.

మొదటి పొర: నరాల దెబ్బ నేరుగా లైంగిక స్పందనను తాకడం. జననాంగాల్లో స్పర్శ తగ్గడం, తడి ఊరకపోవడం, భావప్రాప్తి ఆలస్యం కావడం లేదా అసలు అందకపోవడం, కోరిక తగ్గడం. రెండో పొర: ఎంఎస్ తెచ్చే ఇతర శారీరక లక్షణాలు అడ్డుపడటం. నీరసం, కాళ్లు బిగుసుకుపోవడం, మూత్రం జారిపోతుందన్న భయం, నొప్పి, మతిమరుపు, మందుల దుష్ప్రభావాలు. మూడో పొర: మనసు, సంబంధాలు, సమాజం. తన శరీరం మీద తనకు చిన్నచూపు కలగడం, కుంగుబాటు, నిన్నటిదాకా భర్తగా ఉన్నవాడు ఈ రోజు స్నానం చేయించే మనిషిగా మారడం.

కాగితం మీద ఈ పొరలు ఉల్లిపాయ పొరల్లా శుభ్రంగా విడిపోతాయి. మనిషిలో అలా విడిపోవు. కోరిక తగ్గడాన్ని మొదటి పొరలో పెట్టారు గానీ, అది మూడో పొర నుంచీ రావచ్చు, రెండో పొరలోని ఒక మాత్ర వల్లా రావచ్చు. అయినా ఈ విభజనను నేను కొట్టిపారేయను. ‘ఇదంతా మనసులోనే ఉంది’ అనేవారికీ, ‘ఇదంతా నరాల్లోనే ఉంది’ అనేవారికీ మధ్య కూర్చుని మాట్లాడుకోవడానికి ఇది ఒక బల్లలాంటిది.

ఒక రాత్రి, అనేక కారణాలు

ఉదాహరణకు సుజాత అనే స్త్రీని ఊహించుకుందాం. వయసు 34. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, ఆరేళ్ల పాప. నాలుగేళ్లుగా ఎంఎస్. మూత్రం ఆపుకోవడానికి ఆక్సిబ్యుటినిన్, కాళ్ల బిగుతుకు బాక్లోఫెన్, కిందటి ఏడాది జబ్బు తిరగబెట్టాక వచ్చిన దిగులుకు ఎసిటలోప్రామ్ వాడుతోంది.

మే నెల, రాత్రి పదిన్నర. పాప నిద్రపోయింది. సుజాత పొద్దున్న అయిదింటికి లేచింది. ఎంఎస్ నీరసం మామూలు అలసట లాంటిది కాదు. పూర్తిగా నిద్రపోయి లేచినా ఒళ్లు సీసం పోసినట్టు ఉంటుంది. ఎంఎస్ ఉన్నవారిలో నాలుగింట మూడొంతుల మంది దీని గురించి చెబుతారు. సాయంత్రానికి అది ముదురుతుంది. మనం దాంపత్యానికి కేటాయించేది ఆ వేళనే.

కరెంటు పోయింది, గది ఉడికిపోతోంది. 1890లో విల్‌హెల్మ్ ఉట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, వ్యాయామం చేశాక కొందరు రోగుల చూపు కాసేపు మసకబారడం గమనించాడు. మైలిన్ పోయిన తంతువులో సంకేతం ఎలాగో నెట్టుకొస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అక్కడ ఆగిపోగలదు. చల్లబడ్డాక మళ్లీ నడుస్తుంది. కలయికలోనూ ఒంటి వేడి పెరుగుతుంది కాబట్టి, మధ్యలోనే కాళ్లు మొద్దుబారడం, స్పర్శ మాయం కావడం జరగవచ్చు. ఇది జబ్బు ముదరడం కాదు, కొత్త మచ్చా కాదు. సుజాతకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ‘ఇలా చేస్తే జబ్బు పెరుగుతుందేమో’ అన్న భయం మొదలైంది.

తడి లేదు. ఆక్సిబ్యుటినిన్ మూత్రాశయ కండరాన్ని సడలించే మందు. అది నోటిని ఎలా ఎండబెడుతుందో యోనినీ అలాగే ఎండబెట్టగలదు. తడి లేకపోతే నొప్పి. నొప్పి వస్తుందని శరీరం ముందే బిగుసుకుంటుంది, తొడల లోపలి కండరాలు పట్టేస్తాయి. భర్త ఆగిపోయాడు. తన వల్ల ఆమెకు బాధ కలిగిందని అతని భయం. అతను ఆగింది తన శరీరం నచ్చకనేమో అని ఆమె బాధ. ఇద్దరూ అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు పడుకున్నారు. ఆరు నెలల తర్వాత వైద్యుడి దగ్గర ఆమె చెప్పేది ఒక్కటే: ‘ఇష్టం ఉండటం లేదు.’

ఆ ‘ఇష్టం లేకపోవడం’ ఎక్కడి నుంచి వచ్చింది? నీరసం, వేడి, మాత్ర, నొప్పి, భయం, మౌనం – వీటిలో ప్రతిదానికీ వేరే విరుగుడు ఉంది. ఆక్సిబ్యుటినిన్ బదులు మిరాబెగ్రాన్ ఇస్తే మూత్రాశయానికి ఊరట ఉంటుంది, ఎండిపోవడం చాలా తక్కువ. కానీ అది రక్తపోటు పెంచగలదు. ఎసిటలోప్రామ్ లాంటి మందులు భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి, కోరికను తగ్గిస్తాయి. అవి మానేస్తే దిగులు తిరిగొచ్చి కోరికను అంతకంటే ఎక్కువగా మింగేయవచ్చు. బాక్లోఫెన్ కాళ్లను సడలిస్తుంది, కొందరిలో భావప్రాప్తిని మందగింపజేస్తుంది. దాన్ని ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు, భ్రమలు వచ్చే ప్రమాదం ఉంది. ఇవి వైద్యుడితో కూర్చుని, ఒక్కొక్కటిగా, మోతాదు సమయాలు మార్చుకుంటూ తేల్చుకోవాల్సిన లెక్కలు.

కోరిక ముందా, స్పందన ముందా?

ఇక్కడ లైంగిక శాస్త్రంలోని పాత వాదం ఒకటి అడ్డం వస్తుంది. 1966లో మాస్టర్స్, జాన్సన్ లైంగిక స్పందనను ఒక వరసలో చూపించారు: ఉద్రేకం, నిలకడ, భావప్రాప్తి, ఉపశమనం. తర్వాతి వారు దీని ముందు ‘కోరిక’ అనే మెట్టు చేర్చారు. అంటే కోరిక పుడితేనే బండి కదులుతుందన్న మాట. 2000లో కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ దీన్ని కాదన్నారు. చాలామంది స్త్రీలలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి కాపురం చేసినవారిలో, కోరిక ముందు పుట్టదనీ, దగ్గరితనం కోసం మొదలుపెట్టాక, స్పర్శ హాయిగా ఉంటే, ఆ హాయి నుంచే కోరిక పుడుతుందనీ ఆమె చెప్పారు. మెట్ల వరస స్థానంలో ఒక చక్రం పెట్టారు.

ఈ తేడా ఎంఎస్ విషయంలో చాలా పెద్దది. వరస నమూనా ప్రకారం కోరిక లేకపోతే మెదడులోనో మనసులోనో వెతకాలి. చక్రం నమూనా ప్రకారం స్పర్శ మొద్దుబారినా కోరిక ఎండిపోతుంది, ఎందుకంటే చక్రంలో ఆ ఆకు విరిగింది. సుజాతకు కోరిక పుట్టించే మాత్ర ఇవ్వడం కంటే నొప్పిని తీసేయడం ముఖ్యమన్న వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. బాసన్ నమూనా అందరికీ సరిపోదనీ, కోరిక దానంతటదే పుట్టే స్త్రీలు ఎందరో ఉన్నారనీ అనే పరిశోధకులూ ఉన్నారు. ఆ మాటా నిజమే. ఆ స్త్రీలకు ఎంఎస్ వచ్చి, అలవాటుగా పుట్టే కోరిక ఉన్నట్టుండి ఆగిపోతే, అప్పుడు దిగులు, మందులు, మెదడులోని మచ్చలు – ఈ దిక్కున వెతకడమే సబబు. ఎంఎస్‌కు ముందు ఆమెకు ఎలా ఉండేదో అడగకుండా ఏ నమూనా వర్తిస్తుందో తేల్చలేం.

40 శాతమా, 80 శాతమా?

ఎంఎస్ ఉన్న స్త్రీలలో లైంగిక ఇబ్బందులు ఎంతమందికి అని వెతికితే 40 నుంచి 80 శాతం దాకా రకరకాల అంకెలు కనిపిస్తాయి. ఇంత తేడా రావడానికి ఒక కారణం కొలబద్దలే.

ఎక్కువగా వాడే కొలబద్ద 2000లో వచ్చిన ‘స్త్రీల లైంగిక స్పందన సూచిక’. గత నాలుగు వారాల గురించి 19 ప్రశ్నలు. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి అనే ఆరు భాగాలు. గరిష్ఠంగా 36 మార్కులు. 26.55 లేదా అంతకంటే తక్కువ వస్తే సమస్య ఉన్నట్టు లెక్క. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నిజామాబాద్‌లో ఉన్న ఒకామె భర్త గల్ఫ్‌లో పని చేస్తున్నాడు, ఏడాదిగా రాలేదు. ఆమెకు కోరిక బాగానే ఉంది. కోరిక ప్రశ్నలు రెండింటికీ అయిదుకు నాలుగు వేసింది. మొత్తం 8, దాన్ని సూచిక ఆ భాగానికి పెట్టిన 0.6తో గుణిస్తే 4.8. ఉద్రేకం, తడి, భావప్రాప్తి, నొప్పి భాగాల్లో ‘ఈ నాలుగు వారాల్లో ఏమీ జరగలేదు’ అన్న జవాబుకు సున్నా. తృప్తి భాగంలో ఒక ప్రశ్నకు సున్నా, మిగిలిన రెండింటికీ 4, 3 వేసిందనుకుంటే 7, దాన్ని 0.4తో గుణిస్తే 2.8. అంతా కలిపితే 7.6. శరీరంలో ఏ లోపమూ లేకపోయినా, ఆ అంకె ప్రకారం ఆమె తీవ్రమైన రోగి. ఇలాంటివారిని లెక్కలోంచి తీసేశారా, కలిపేశారా అన్నదాన్ని బట్టే శాతం మారిపోతుంది.

ఎంఎస్ కోసమే తయారైన ప్రశ్నావళి మరొకటి ఉంది. అదీ 2000లోనే వచ్చింది, దానిలోనూ 19 ప్రశ్నలే. మొదటి పొరకు 5, రెండో పొరకు 9, మూడో పొరకు 5. గత ఆరు నెలల్లో ఎంఎస్ లక్షణాలు దాంపత్యానికి ఎంత తరచుగా అడ్డొచ్చాయన్నది ప్రశ్న. మూత్రం, కాళ్ల బిగుతు లాంటి శారీరక లక్షణాల గురించి అడిగే ప్రశ్నలకే ఇందులో ఎక్కువ చోటు ఉంది. కాబట్టి ఒకే స్త్రీ రెండు ప్రశ్నావళుల్లో రెండు రకాలుగా కనిపించవచ్చు.

రెండో కారణం నిర్వచనం. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల ఐదో నిర్ధారణ గ్రంథం ప్రకారం మార్పు ఉంటే సరిపోదు. అది సుమారు ఆరు నెలలు కొనసాగాలి, ఆ స్త్రీకి దాని వల్ల బాధ ఉండాలి. కోరిక తగ్గినా ఆమెకు దిగులు లేకపోతే అది రోగం కాదు. ఈ షరతు వైద్యం పేరుతో అందరినీ రోగులుగా ముద్ర వేయకుండా కాపాడుతుందని కొందరు సమర్థిస్తారు. ఎదురువాదం కూడా తేలికైనది కాదు. ‘నా సుఖం గురించి నేను బాధపడటమేమిటి?’ అని పెరిగిన స్త్రీ, బాధ ఉన్నా లేదనే చెబుతుంది. ఆమె మౌనాన్ని ఆరోగ్యంగా లెక్కేయడం న్యాయమా అని వారి ప్రశ్న. నా మొగ్గు రెండో వైపే. మన ఇళ్లలో ఆడవారు ‘నాకేం బాధ లేదు’ అన్న మాటను దేనికైనా వాడటం చూస్తూనే ఉన్నాం.

కొలబద్దల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ఎంఎస్ వైద్యుల దగ్గర బాగా చలామణిలో ఉన్న వైకల్య కొలత 1983లో కుర్ట్‌జ్కీ రూపొందించినది, సున్నా నుంచి పది వరకు ఉంటుంది. మధ్య మెట్లన్నీ ఆగకుండా 500 మీటర్లు నడవగలరా, 200 నడవగలరా, 100 నడవగలరా అన్నదాని మీదే ఆధారపడతాయి. మూత్రం, మలం గురించి అందులో ఒక గడి ఉంది. దాంపత్యానికి మూల కొలతలో గడి లేదు. చకచకా నడిచి వచ్చే స్త్రీకి తక్కువ మార్కు పడుతుంది, ‘బాగున్నారు’ అని పంపించేస్తారు. నడక బాగున్నవారిలోనూ లైంగిక ఇబ్బందులు మామూలే.

గర్భసంచి ఆపరేషన్ తెచ్చే చిక్కు

మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్క రోజులో వచ్చిపడుతుంది. ఉంచినా, మామూలు కంటే ముందుగా అవి పని తగ్గించే అవకాశం ఉంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ హార్మోను తగ్గితే యోని పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది, నొప్పి వస్తుంది. వేడి ఆవిర్లు నిద్రను చెడగొడతాయి, నిద్రలేమి నీరసాన్ని పెంచుతుంది.

ముప్ఫై ఎనిమిదేళ్లకే గర్భసంచి తీయించుకుని, నలభై రెండేళ్లకు ఎంఎస్ బయటపడిన స్త్రీ విషయంలో ఆ పొడిదనం ఎవరి లెక్కలో వేయాలి? నరాల వైద్యుడు ఎంఎస్ అంటాడు. స్త్రీల వైద్యురాలు హార్మోన్లు అంటుంది. యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీముతో కొన్ని వారాల్లో తేడా కనిపిస్తే కారణంలో హార్మోన్ల వాటా ఎంతో కొంత తెలిసినట్టే. తడి పెరిగినా స్పర్శ రాకపోతే ఆ మిగిలిన వాటా నరాలది కావచ్చు. మందుకు వచ్చే జవాబే ఇక్కడ పరీక్షగా పనికొస్తుంది.

చికిత్సల్లో దేనికి ఎంత ఆధారం

మగవారి అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్‌ను ఎంఎస్ ఉన్న స్త్రీలకు ఇచ్చి చూశారు. లండన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన 19 మంది స్త్రీల అధ్యయనంలో తడి కొంత మెరుగైంది. భావప్రాప్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ మాత్ర రక్తనాళాలను సడలిస్తుంది గానీ తెగిన సంకేతాన్ని అతకదు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. కోరిక తగ్గిన స్త్రీల కోసం అమెరికా 2015లో అనుమతించిన ఫ్లిబాన్సెరిన్ ఎంఎస్ కోసం తయారైనది కాదు. మగత, రక్తపోటు పడిపోవడం దాని దుష్ప్రభావాలు. అసలే నీరసంతో తూలి నడిచే మనిషికి అవి చిన్న విషయాలు కావు.

కటి అడుగు కండరాల వ్యాయామాలకు, అంటే మూత్రాన్ని మధ్యలో ఆపడానికి బిగించే కండరాలను సాధన చేయడానికి, కాస్త మెరుగైన ఆధారం ఉంది. 2014లో బ్రెజిల్ పరిశోధకులు ఎంఎస్ ఉన్న స్త్రీల మీద చేసిన చిన్న అధ్యయనంలో ఈ వ్యాయామాలతో లైంగిక స్పందన మెరుగైంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎంఎస్‌లో కొందరికి ఆ కండరాలు వదులుగా ఉంటాయి, కొందరికి అతిగా బిగుసుకుని ఉంటాయి. బిగుసుకున్నవారు ఇంకా బిగించే వ్యాయామం చేస్తే నొప్పి పెరుగుతుంది. వారికి కావలసింది సడలించడం నేర్పే ఫిజియోథెరపిస్టు. వీడియో చూసి అందరూ ఒకే వ్యాయామం చేయడంలోని ఇబ్బంది ఇది.

పొడిదనానికి నీటి ఆధారిత జెల్లు సులువైన మార్గం. మన ఇళ్లలో చేతికి ముందు తగిలేది కొబ్బరినూనె. అయితే నూనె లేటెక్స్ కండోమును పాడుచేస్తుంది. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు, ఉదాహరణకు టెరిఫ్లునమైడ్, గర్భంలో బిడ్డకు హాని చేయగలవు. కండోము మీదే ఆధారపడ్డవారికి ఆ చిరుగు పెద్ద ప్రమాదం.

స్పర్శ మారిపోయినవారి కోసం ‘శరీర పటం’ అనే పద్ధతి ఉంది. కలయిక ఉద్దేశం పెట్టుకోకుండా, పదిహేను ఇరవై నిమిషాల పాటు తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా తాకుతూ ఎక్కడ హాయిగా ఉంది, ఎక్కడ మొద్దుగా ఉంది, ఎక్కడ మంటగా ఉంది అని గుర్తించడం. తనంతట తానే చేసుకోవచ్చు, భర్తతో కలిసీ చేయవచ్చు. కొందరికి మెడ వెనకో, మోచేతి మడతలోనో, మునుపెన్నడూ పట్టించుకోని చోట హాయి దొరుకుతుంది. మామూలు స్పర్శ అందని చోట కంపనం అందవచ్చు, ఎందుకంటే అది మరింత బలమైన సంకేతం. ఆ పటం శాశ్వతం కాదు. జబ్బు మరోసారి తిరగబెడితే మళ్లీ గీసుకోవాల్సి వస్తుంది.

అడిగేదెవరు, ఎలా

తెలుగులో ఈ ప్రశ్న అడగడమే ఒక చిక్కు. మర్యాదగా అడగాలంటే మనకున్న మాట ‘సంసారం’. ఆ ఒక్క మాటలో ఇల్లు, పిల్లలు, అప్పులు, అత్తగారు, పడకగది అన్నీ ఉన్నాయి.

‘సంసారం ఎలా ఉందమ్మా?’

‘బాగానే ఉందండీ. మా అత్తయ్యగారికే ఈ మధ్య షుగరు ఎక్కువైంది.’

ఇది ఊహించి రాసిన సంభాషణే గానీ, ఆ గదిలో కూర్చున్నవారికి కొత్తగా ఉండదు. 1976లో జాక్ అన్నన్ అనే మనస్తత్వ నిపుణుడు చెప్పిన నాలుగు మెట్ల పద్ధతిని వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. మొదట ఆ విషయం మాట్లాడవచ్చన్న అనుమతి ఇవ్వడం, తర్వాత కాస్త సమాచారం, తర్వాత ఆమెకు సరిపోయే సూచనలు, అవసరమైతేనే ప్రత్యేక చికిత్స. మొదటి మెట్టుకు మందుల చీటీ కూడా అక్కర లేదు. ‘ఎంఎస్ ఉన్న చాలామంది ఆడవారికి మూత్రం ఇబ్బందితోపాటు భార్యాభర్తల కలయికలో నొప్పి, స్పర్శ తెలియకపోవడం ఉంటాయమ్మా. మీకు అలాంటిదేమైనా ఉందా?’ అని అడిగితే చాలు. ఇందులో ‘సంసారం’ అన్న మాట లేదు, ఆమెను తప్పించుకోనిచ్చే అత్తగారూ లేదు. ‘చాలామందికి’ అన్న మాట ఆమె భుజం మీది బరువు కాస్త దించుతుంది.

ఇక ఎవరి ముందు అడుగుతారన్నది. మన ఆసుపత్రుల్లో స్త్రీ ఒంటరిగా వైద్యుడి గదిలోకి రావడం అరుదు. భర్తో, అన్నో, అత్తగారో వెంట ఉంటారు. చాలాసార్లు జవాబులు చెప్పేదీ వారే. ఎంఎస్ కోసం తయారైన ఆ 19 ప్రశ్నల కాగితాన్ని బయట బెంచీ మీద చేతికిస్తే పక్కన కూర్చున్న మనిషి తొంగి చూస్తాడు, ఆమె అన్నింటికీ ‘ఎప్పుడూ లేదు’ అని గీత పెట్టి ఇచ్చేస్తుంది. కాళ్ల బిగుతు చూడటానికి ఆమెను పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, నర్సు తెర లాగి, వెంట వచ్చినవారిని బయట కూర్చోమన్న ఆ అయిదు నిమిషాల్లో అదే ప్రశ్న నోటితో అడిగితే, అదే మనిషి వేరే జవాబు చెప్పవచ్చు.